సీజీపీఏ 5.9 ఉంది, జాబ్ వస్తదా? పరకాల చెల్లె అడిగిన ప్రశ్న

ఈసారి టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. నాలుగు రోజుల కింద పరకాల నుంచి ఒక చెల్లె వాయిస్ మెసేజ్ పెట్టింది. పేరు చెప్పొద్దు అన్నది, చెప్పను. మెసేజ్ మాత్రం ఆమె మాటల్లోనే చెప్తా.

"అన్నా, నాది బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. సీజీపీఏ 5.9. సెకండ్ సెమ్‌ల ఒక సబ్జెక్టు ఇంకా ఉండిపోయింది. మా బాపు అడుగుతుండు, మూడేండ్లు బస్సు పాసులు, ఫీజులు కట్టిన, జాబు వస్తదా రాదా ఒక్క మాట చెప్పు అని. నాకు ఏం చెప్పాలెనో సమజ్ అయితలేదు. మార్కులు తక్కువ ఉంటే జాబు రాదా?"

అంతే మెసేజ్. నలభై సెకన్లు. నేను రెండు మూడు సార్లు విన్న. ఎందుకంటే ఇది ఆమె ఒక్కదాని ప్రశ్న కాదు. పొద్దున హనుమకొండ పోయే బస్సుల, గూడెప్పాడ్ క్రాస్ దాకా నిలబడి పోయే పిల్లల్ల సగం మందికి ఇదే డౌటు. వీళ్లకు దొరికే జవాబులు రెండే. ఒకటి, "మార్కులు లేకుంటే ఎవడూ మొఖం కూడ చూడడు." ఇది చుట్టాలు చెప్పేది. రెండోది, "మార్కులదేముంది, స్కిల్ ఉంటే చాలు." ఇది మొబైల్‌ల రీల్స్ చెప్పేది. రెండూ సగం సగం నిజాలు. ఏ సగం ఎక్కడ నిజమో తెలవకపోతే ఇబ్బంది మనకే.

నేను చెప్పేది ఏందంటే, మార్కుల విలువ మీరు ఏ తలుపు కొడుతున్నరు అనే దాని మీద ఉంటది. ఒక తలుపు దగ్గర మార్కులే సర్వస్వం. ఇంకో తలుపు దగ్గర ఒక గీత ఉంటది, గీత దాటితే చాలు, ఎంత దాటిండ్రు అని అడగరు. మూడో తలుపు దగ్గర అసలు అడగనే అడగరు. ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

మన దగ్గర మొదలు సర్కారు నౌకరీ సంగతే మాట్లాడాలె. పరకాలల డిగ్రీ అయిపోయినోళ్ల ఇంట్ల గ్రూప్స్ పుస్తకం లేని ఇల్లు దొరకడం కష్టం. శుభవార్త ఏందంటే ఇక్కడ మీ డిగ్రీ మార్కులకు విలువ సున్నా. నిజంగనే సున్నా. 2022 డిసెంబరుల వచ్చిన గ్రూప్-4 నోటిఫికేషన్ తీసుకోండి. 8 వేలకు పైగా పోస్టులు, తొమ్మిదిన్నర లక్షల మంది అప్లై చేసిండ్రు. రెండు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 300. ర్యాంకు ఆ 300 మీదనే. డిగ్రీల 9.2 వచ్చినోడైనా, 5.1 వచ్చినోడైనా హాల్‌ల ఒకే బెంచీ. గ్రూప్-2 ఐతే 600 మార్కులు, గ్రూప్-1 మెయిన్స్ 900. గ్రూప్-1కు ఇంటర్వ్యూ కూడ తీసేసిండ్రు కాబట్టి, ఎదురుగ కూసొని "డిగ్రీల గిన్నే మార్కులు ఎందుకు వచ్చినయి బాబూ" అని అడిగే మనిషే లేడు. పోలీస్ కానిస్టేబుల్ కూడ అంతే, పరుగు, లాంగ్ జంప్, రాత పరీక్ష. బ్యాంకుల ఐబీపీఎస్ పీఓ, ఎస్‌బీఐ పీఓ, క్లర్క్, కేంద్రంల ఎస్ఎస్‌సీ సీజీఎల్, చివరికి యూపీఎస్‌సీ సివిల్స్ కూడ డిగ్రీ పాస్ అయితే చాలు అంటయి.

మరి చెల్లెకు భయం అక్కర్లేదా? ఉంది. అయితే 5.9 గురించి కాదు. ఆ ఒక్క సబ్జెక్టు గురించి.

ఇది బాగా వినండి, ఎందుకంటే చానా మంది దెబ్బ తినేది ఇక్కడనే. టీజీపీఎస్‌సీ నోటిఫికేషన్ల ఒక లైను ఉంటది. కావలసిన అర్హత నోటిఫికేషన్ తేదీ నాటికి ఉండాలె అని. పరీక్ష తేదీ నాటికి కాదు, సర్టిఫికెట్ల పరిశీలన నాటికి కాదు. నోటిఫికేషన్ తేదీ. గ్రూప్-4 పరీక్ష 2023 జులై 1న జరిగింది. నోటిఫికేషన్ 2022 డిసెంబరు 1ది. అంటే 2023 ఫిబ్రవరిల సప్లీ రాసి పాసైనోడు, "పరీక్షకు ఇంకా నాలుగైదు నెలలుంది గదా" అనుకుంటే లాభం లేదు. తేదీ దాటిపోయింది. దానికంటే ముందు గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది 2018ల. నాలుగేండ్లకు పైగా గ్యాప్. ఒక్క సబ్జెక్టు, దాన్ని "వచ్చే సెమ్ రాస్తలే" అని పక్కకు పెట్టుడు, దాని ఖరీదు నాలుగేండ్లు కావచ్చు. 5.9 ఖరీదు అక్కడ రూపాయి కూడ కాదు.

కాబట్టి చెల్లే, నువ్వు సీజీపీఏ గురించి ఏడ్చే ముందు ఆ సబ్జెక్టు ఫీజు నోటిఫికేషన్ ఎప్పుడో కాలేజీ ఆఫీసుల అడుగు. ఇంకో మాట, మన పిల్లలు "ఫోన్ల వస్తదిలే" అని ఊకుంటరు. వాట్సాప్ గ్రూపుల వచ్చే సర్క్యులర్ సగం సార్లు పాతదే ఉంటది. పోయి అడగాలె, నోటీసు బోర్డు ఫోటో తీసుకోవాలె, ఫీజు కట్టిన రసీదు దాచుకోవాలె.

సరే, ఇప్పుడు ఉల్టా తలుపు. మార్కులే సర్వస్వం అయిన కొలువు.

పోస్టాఫీసుల గ్రామీణ డాక్ సేవక్, జీడీఎస్ అంటం. దానికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కుల మీద కంప్యూటరే మెరిట్ లిస్టు తీస్తది. మీరు డిగ్రీ చేసిండ్రా, పీజీ చేసిండ్రా, దానికి సంబంధం లేదు. పదిహేనేండ్ల వయసుల రాసిన పరీక్ష, ఇరవై రెండేండ్లకు మీ ముందు వచ్చి నిలబడ్తది. దీంట్ల మన తెలంగాణ పిల్లలకు ఒక చిక్కుంది, అది చానా మందికి తెలవదు. జీపీఏ ఉన్నోళ్లకు దాన్ని 9.5తో గుణించి పర్సెంటేజీ చేస్తరు. 10కి 10 జీపీఏ వచ్చినా మీది 95 శాతమే. మార్కులు ఇచ్చే వేరే బోర్డుల 97, 98 వచ్చినోడు మీకంటె పైన ఉంటడు. 2025 నుంచి మన ఎస్ఎస్‌సీల కూడ మళ్లీ మార్కులు ఇస్తున్నరు. అంటే మీ తమ్ముడికి 600ల 585 వస్తే వాడిది 97.5. మీది 10 జీపీఏ ఉన్నా 95. ఇంట్లనే తమ్ముడు మీకంటె ముందు.

2021 పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఎవరన్నా చూస్తున్నరా? కరోనా టైముల పరీక్షలు లేకుండ పాస్ చేసిండ్రు గదా. ఆ ఒక్క ఏడాది 2 లక్షల మందికి పైగా 10 జీపీఏ వచ్చింది. అప్పుడు మిఠాయిలు పంచిండ్రు. జీడీఎస్‌ల మార్కులు సమానం అయితే ఏం చేస్తరంటే, వయసు ఎక్కువున్నోళ్లను ముందు పెడ్తరు. అందరిదీ 95 అయినప్పుడు పుట్టిన తేదీ మార్కుల పని చేస్తది. ఇది అన్యాయమా అంటే, నా లెక్కల కొంచెం అన్యాయమే. ఐతే రూలు అట్ల ఉంది, తెలుసుకొని అప్లై చేయాలె. పోస్టింగ్ ఏ ఊరైనా పర్వాలేదనుకుంటే, దూరం ఊర్లు, పోటీ తక్కువుండే ఊర్లు పెట్టుకోవడం ఒక్కటే మన చేతిల ఉన్నది.

రైల్వేల అప్రెంటిస్ కూడ ఇట్లాంటిదే. దక్షిణ మధ్య రైల్వే యాక్ట్ అప్రెంటిస్ తీసుకునేటప్పుడు పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ చేస్తరు. కాజీపేట దగ్గరున్నది గదా అని చానా మంది ఐటీఐ పిల్లలు ఎదురుచూస్తరు. వాళ్లకు చెప్పేది ఒకటే, ఐటీఐ మార్కులను లైట్ తీసుకోవద్దు. అప్రెంటిస్ అంటే పర్మినెంట్ కొలువు కాదు, అదొకటి మనసుల పెట్టుకోండి.

ఇప్పుడు మధ్య తలుపు, గీత ఉన్న తలుపు. దీని మీద కొంచెం ఎక్కువ టైము తీసుకుంట, ఎందుకంటే మార్కుల గురించి వచ్చే గందరగోళమంతా ఇక్కడిదే.

పత్తి పండించే ఇంటి పిల్లలకు ఒక ఉదాహరణ చెప్తె టక్కున అర్థమైతది. సీసీఐ సెంటర్‌కు పత్తి తీసుకపోతే ముందు ఏం చేస్తరు? తేమ మిషన్ పెడ్తరు. 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 మధ్య ఉంటే ధర కొంచెం కోస్తరు. 12 దాటిందా, బండి వాపస్. మీ పత్తి ఎంత తెల్లగున్నా, పింజె ఎంత పొడుగున్నా, ముందు ఆ మిషన్ల నంబరు సరిగ ఉండాలె. కంపెనీలల 60 శాతం అనేది ఆ తేమ మిషన్ అసుంటిదే. మీ తెలివి ఎంతో అది చూడదు. లోపలికి రానియ్యాల్నా వద్దా అని మాత్రం చూస్తది.

టీసీఎస్ నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ తీసుకోండి. అడుగుతున్న రూలు ఏంది? పదో తరగతి, ఇంటర్ లేదా డిప్లొమా, డిగ్రీ, అన్నిట్ల 60 శాతం గాని 6 సీజీపీఏ గాని ఉండాలె. నడుస్తున్న బ్యాక్‌లాగ్ ఒకటికి మించి ఉండొద్దు. చదువు మధ్యల గ్యాప్ రెండేండ్లు మించొద్దు. చూసిండ్రా, డిగ్రీ ఒక్కటే కాదు, ఇంటర్ కూడ. ఇంటర్ల 58 శాతం వచ్చి, బీటెక్‌ల 8.5 తెచ్చుకున్న పిల్లలు ఉన్నరు. వాళ్ల బాధ వేరే. ఇవి ఏడాదికోసారి మారుతుంటయి, కాబట్టి నేను చెప్పిన నంబరు పట్టుకొని కూసోకుండ అప్లై చేసే రోజు వాళ్ల సైటుల చదువుకోండి.

ఎందుకు పెడ్తరు ఈ గీత? 60 ఉన్నోడు తెలివైనోడు, 59 ఉన్నోడు మొద్దు అని వాళ్లు కూడ అనుకోరు. లక్షల అప్లికేషన్లు వస్తయి. అందరికీ ఇంటర్వ్యూ చేయలేరు. జల్లెడ పట్టాలె. మార్కులు ఫ్రీగ దొరికే జల్లెడ. గీత దాటినంక ఆట మళ్లీ సున్నా నుంచి మొదలైతది. టెస్టుల స్కోరు, కోడింగ్, ఇంటర్వ్యూల మాట. 6.1 వచ్చినోడు 9.1 వచ్చినోడిని దాటేది అక్కడనే. అందుకే నేను ఎప్పుడూ అంటుంట, 5.8ని 6.2 చేసుకోవడానికి పడే కష్టానికి ఉన్న విలువ, 8.2ని 8.6 చేసుకోవడానికి పడే కష్టానికి లేదు. రెండోడు ఆ టైముల ఇంకేమన్న నేర్చుకోవాలె. మొదటోడు మాత్రం పుస్తకం తీయాలె.

గీత ఉన్న సర్కారు కొలువులు కూడ ఉన్నయి. ఆర్‌బీఐ గ్రేడ్ బీ ఆఫీసర్ కావాలంటే డిగ్రీల 60 శాతం. ఆర్‌బీఐ అసిస్టెంట్‌కు 50. గేట్ రాసి ఎన్‌టీపీసీల ఇంజినీరుగ చేరాలంటే 65. వీటిల్ల ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు సడలింపు ఉంటది. టీచర్ కావాలనుకునేటోళ్లు మరీ జాగ్రత్త. బీఈడీ, తర్వాత టెట్, రెండిటికీ డిగ్రీల 50 శాతం అడుగుతరు, రిజర్వుడు వర్గాలకు తక్కువ. అది దాటినంక డిగ్రీ మార్కులు మళ్లీ మాయం. 2024 డీఎస్సీల 11,062 పోస్టులు వచ్చినయి గదా, వాటికి రాత పరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. డిగ్రీది ఒక్క మార్కు కూడ కలవదు. ఎంబీఏ, ఎంసీఏ చేయాలంటే ఐసెట్, దానికి కూడ 50 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 45.

ఇంకో చిన్న ముల్లు. బ్యాంకు నోటిఫికేషన్లల స్పష్టంగ రాస్తరు, 59.99 శాతం అంటే 60 కంటె తక్కువనే లెక్క అని. రౌండ్ చేయరు. "సార్, పాయింట్ జీరో వన్ గదా" అంటే వినే మనిషి లేడు, అక్కడ ఉన్నది ఫారం. ఫారంల 60 అని కొట్టి, తర్వాత సర్టిఫికెట్ల చెకింగ్‌ల దొరికితే, వచ్చిన కొలువు పోతది. అది అస్సలు చేయకండి.

ఇప్పుడు లెక్క. సీజీపీఏ అంటే ఏందో మనల సగం మందికి తెలవదు, సిగ్గు పడాల్సిన పని లేదు, కాలేజీల కూడ ఎవరూ కూసొబెట్టి చెప్పరు. ఒక్కో సబ్జెక్టుకు క్రెడిట్లు ఉంటయి. మీకు వచ్చిన గ్రేడ్ పాయింటును ఆ క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే సీజీపీఏ. దీన్నుంచి తెలిసేది ఏంది? 5 క్రెడిట్ల సబ్జెక్టుల ఒక గ్రేడ్ పెరిగితే, 2 క్రెడిట్ల సబ్జెక్టుల పెరిగిన దానికంటె రెండున్నర రెట్లు లాభం. మనోళ్లు ఉల్టా చేస్తరు. సులభంగ ఉందని 2 క్రెడిట్ల సబ్జెక్టు బట్టీ కొట్టి, పెద్ద సబ్జెక్టుకు "పాసైతే చాలు" అంటరు.

గ్రేడ్లల ఇంకో తమాష ఉంది. బీటెక్ వాళ్లకు జేఎన్‌టీయూహెచ్ ఆర్18 రూల్స్ ప్రకారం 60 నుంచి 69 దాకా ఒకటే గ్రేడు, 7 పాయింట్లు. 70 వచ్చిందంటే 8. అంటే 60 వచ్చినోడూ 69 వచ్చినోడూ సమానం, 69కి 70కి మాత్రం ఒక పాయింటు తేడా. రీవాల్యుయేషన్ పెట్టాల్నా వద్దా అనేది ఇట్ల ఆలోచించాలె. 63 వచ్చిన పేపర్‌కు పైసలు కట్టి లాభం తక్కువ. 69 వచ్చిన పేపర్‌కు కట్టొచ్చు.

పర్సెంటేజీల మార్చుడు ఇంకో గండం. జేఎన్‌టీయూహెచ్‌ల సీజీపీఏల నుంచి 0.5 తీసేసి, 10తో గుణించాలె. 6.0 ఉన్నోడిది 55 శాతం. 60 శాతం కావాలంటే 6.5 ఉండాలె. ఇప్పుడు చూడండి, "60 శాతం లేదా 6 సీజీపీఏ" అని రాసిన చోట 6.1 ఉన్నోడు లోపలికి పోతడు. "60 శాతం" అని మాత్రమే రాసిన చోట అదే పిల్లగాడు బయట ఉంటడు. ఒక్క పదం తేడా. చెల్లెది కాకతీయ యూనివర్సిటీ బీకాం, దానికి ఈ ఫార్ములా వాడొద్దు. ఒక్కో యూనివర్సిటీ, ఒక్కో బ్యాచ్ రూల్స్ వేరు. ఫార్ములా మెమో మీద లేకపోతే యూనివర్సిటీల అడిగి కాగితం మీద తీసుకోవాలె. గూగుల్‌ల "సీజీపీఏ టు పర్సెంటేజ్" అని కొట్టి వచ్చిన మొదటి క్యాలిక్యులేటర్‌ను నమ్మి ఫారం నింపితే తర్వాత మీరే తిప్పలు పడ్తరు.

ఇంకో తలుపు మిగిలింది, అడగని తలుపు. పరకాల బస్టాండ్ చుట్టూ తిరిగి చూడండి. జిన్నింగ్ మిల్లు, ఎరువుల దుకాణం, ఫైనాన్స్ ఆఫీసు, ప్రైవేటు దవాఖాన బిల్లింగ్ కౌంటర్. హనుమకొండ పోతే బట్టల షోరూములు, ఆడిటర్ ఆఫీసులు. వీళ్లల్ల ఎవరన్నా సీజీపీఏ అడుగుతరా? వాళ్లకు ఆ మాటనే తెలవదు కొందరికి. ట్యాలీ వస్తదా, జీఎస్టీ రిటర్న్ వేసినవా ఎప్పుడన్న, ఎక్సెల్‌ల పట్టిక చేయగలవా, బండి నడుపుతవా, రేపటి నుంచి వస్తవా. ఇవే ప్రశ్నలు. ఎవరు పంపిండ్రు అనేది ఆరో ప్రశ్న, అది కొన్నిసార్లు మొదటి ప్రశ్న. గీసుగొండ, సంగెం దగ్గర 2017 అక్టోబరుల శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది గదా, మన పరకాల నియోజకవర్గంలనే వస్తది. అసుంటి ఫ్యాక్టరీలల లైను మీద పనికి మార్కులతోని పని లేదు, చేతి పని చూస్తరు.

ఐతే ఇక్కడ ఒక నిజం చెప్పాలె. మార్కులు అడగని చోట జీతం కూడ తక్కువ ఉంటది, ఎక్కువ సార్లు. రీల్స్‌ల "మార్కులు ముఖ్యం కాదు" అని అరిచేటోళ్లు ఈ సగం చెప్పరు. ట్యాలీతో మొదలై రెండేండ్లల జీఎస్టీ పని మొత్తం చేతిల పట్టుకున్నోళ్ల సంగతి వేరే, వాళ్లు హైదరాబాద్ పోయినా బతుకుతరు. నేర్చుకోకుండ బిల్లులు మాత్రమే కొట్టినోళ్లు ఐదేండ్లైనా అదే కౌంటర్ల ఉంటరు.

మార్కుల గురించి పెద్ద కంపెనీలు ఏమంటయో కూడ ఒకసారి చూద్దాం. 2013ల గూగుల్‌ల మనుషుల విభాగం చూసుకునే లాజ్లో బాక్ అనే ఆయన న్యూయార్క్ టైమ్స్‌తోని మాట్లాడుతూ, జీపీఏలు, టెస్టు స్కోర్లు చూసి కొలువు ఇచ్చుడు దండగ అని తేలింది అన్నడు. ఈ ముక్క ప్రపంచమంతా తిరిగింది. ఆయన అదే చోట ఇంకో మాట కూడ చెప్పిండు, అది ఎవరూ షేర్ చేయరు. కాలేజీ నుంచి అప్పుడే బయటికి వచ్చినోళ్ల విషయంల మాత్రం కొంచెం సంబంధం ఉంది అని. రెండు మూడేండ్లు పని చేసినంక ఆ సంబంధం పోతది అని. 2015ల బ్రిటన్‌ల ఎర్నెస్ట్ అండ్ యంగ్ కంపెనీ డిగ్రీల ఇంత క్లాస్ రావాలె అనే రూలు తీసేసింది. దాని బదులు వాళ్ల సొంత టెస్టులు పెట్టుకున్నది. అంటే జల్లెడ తీయలేదు, జల్లెడ మార్చింది.

లాజ్లో బాక్ మాట మనకు పరకాలల కూడ పనికొస్తది. ఫ్రెషర్ గురించి కంపెనీకి తెలిసింది ఏంది? ఒక కాగితం. ఆ కాగితం మీద మార్కులు తప్ప ఇంకేం లేకపోతే మార్కులే చూస్తరు, ఇంకేం చూస్తరు? దాని పక్కన ఇంకో రెండు లైన్లు ఉంటే కన్ను అటు పోతది. మడికొండ ఐటీ పార్కుల 2020 జనవరిల సైయెంట్, టెక్ మహీంద్రా మొదలైనంక వరంగల్‌లనే అప్లై చేసుకునే వీలు వచ్చింది. రెండేండ్లు ఎక్కడన్న పని చేసి, ఆ అనుభవంతోని అప్లై చేసినప్పుడు రెజ్యూమేల సీజీపీఏ కింది లైనుకు పోతది. మొదటి కొలువుకు మార్కులు గేటు, రెండో కొలువుకు మొదటి కొలువే గేటు.

ఇప్పుడు చెల్లె దగ్గరికి వస్త. 5.9, ఒక బ్యాక్‌లాగ్. ఈ రెండిట్ల మొదలు పట్టాల్సింది బ్యాక్‌లాగ్ అని చెప్పిన. దాంట్ల ఒక లాభం కూడ దాగుంది, గమనించినవా? ఆ సబ్జెక్టు పాసైతే దాని పాయింట్లు కలుస్తయి. మంచి క్రెడిట్లున్న సబ్జెక్టు అయ్యి, ఏదో గీకి పాస్ కాకుండ మంచి గ్రేడు తెచ్చుకుంటే 5.9 కాస్త 6 దాటే అవకాశం ఉంది. ఒకటే సబ్జెక్టు కోసం ఎట్లైనా చదువుతవు, నలభై కోసం చదవకు. నీ మెమోలన్నీ ముందట పెట్టుకొని, నేను చెప్పినట్టు క్రెడిట్లు గుణించి చూడు, ఎంత గ్రేడు వస్తే 6 దాటుతదో నీకే తెలుస్తది. అట్లనే పాత పేపర్లు మళ్లీ రాసి మార్కులు పెంచుకునే ఇంప్రూవ్‌మెంట్ వీలు నీ బ్యాచ్‌కు ఉందా లేదా అని పరీక్షల విభాగంల అడుగు.

రెండోది, రెజ్యూమే. 5.9 దాయొద్దు, పైన పెద్దగ కూడ రాయొద్దు. పైన ఏం ఉండాలంటే నువ్వు చేయగలిగిన పని. బీకాం కంప్యూటర్స్ అన్నవు గదా, మీ ఊర్ల ఏదన్న దుకాణం లెక్కలు మూడు నెలలు ట్యాలీల రాసినా అది ఒక లైను. అబద్ధం మాత్రం వద్దు. ఐటీ కంపెనీలు కొలువు ఇచ్చినంక సర్టిఫికెట్లు చెక్ చేయిస్తయి, 5.9ని 6.9 చేసినోళ్లు చేరినంక ఇంటికి వస్తరు.

ఇంటర్వ్యూల "మార్కులు ఎందుకు తక్కువ" అని అడిగితే ఏం చెప్పాలె? ఇది ప్రతి ఒక్కరూ అడుగుతరు నన్ను. పొడుగు కథ వద్దు. లెక్చరర్ల మీద చెప్పొద్దు, కాలేజీ మీద చెప్పొద్దు. జరిగింది రెండు ముక్కలల చెప్పి, ఆ తర్వాత ఏం చేసినవో చెప్పాలె. "ఫస్టియర్‌ల ఇంగ్లిష్ మీడియం పట్టుకోలేకపోయిన సార్, రెండు సెమిస్టర్లు పోయినయి. తర్వాతి సెమిస్టర్లు ఇవి, చూడండి." నీ మెమోలల నిజంగ అట్ల పెరిగినట్టు ఉంటేనే ఈ మాట చెప్పు. మొదట 5.2 ఉండి చివరికి 6.8కి వచ్చిన మనిషికి, మొదటి నుంచి చివరి దాకా 5.9 ఉన్న మనిషికి కాగితం మీద సగటు దగ్గర దగ్గరనే. ఎదురుగ కూసున్నోడికి మాత్రం ఆ రెండూ ఒకటి కాదు. సెమిస్టర్ వారీగ మెమోలు ఫైల్‌ల పెట్టుకొని పో.

మూడోది, బాపు ప్రశ్న. "జాబు వస్తదా రాదా ఒక్క మాట చెప్పు." ఆయన మూడేండ్లు పైసలు కట్టిండు, అడిగే హక్కుంది. ఒక్క మాట చెప్పలేవు, నేను కూడ చెప్పలేను. ఆయనకు అర్థమయ్యేటట్టు తేదీలు చెప్పు. ఫలానా నెలల సబ్జెక్టు రాస్త, ఫలానా నెలల రిజల్ట్ వస్తది, అప్పటిదాక పరకాలలనే ట్యాలీ, జీఎస్టీ పని పట్టుకుంట, రిజల్ట్ వచ్చినంక గ్రూప్స్, బ్యాంకు ఫారాలు నింపుత, ఐసెట్ రాయాల్నా వద్దా అప్పుడు కూసొని మాట్లాడుదాం. పత్తి పెట్టేటోడికి ఎప్పుడు ఏరుతమో ముందే తెలుసు, ధర ఎంత వస్తదో తెలవదు. ఆయన అర్థం చేసుకుంటడు.

ఇంకో మాట. మెసేజ్ చివర్ల నువ్వు "మా ఫ్రెండ్‌కు 8.7 ఉంది, ఆమెకు టెన్షన్ లేదు" అన్నవు. ఆమెను కూడ ఈ వీడియో చూడమను. 8.7 గ్రూప్స్‌ల పని చేయదు, బ్యాంకు పరీక్షల పని చేయదు. పని చేసే తలుపులు కొన్నే ఉన్నయి, ఆ తలుపులు ఏవో ఆమె ఇప్పుడే చూసుకోవాలె, ఆర్‌బీఐ గ్రేడ్ బీ లాంటివి. ఆ గీత దాటినోళ్లు దాని కింది పరీక్షలే రాసుకుంట కూసోవడం నేను చానా చూసిన.

సరే, టైమ్ అయింది. వచ్చే ఎపిసోడ్‌ల సీజీపీఏ లెక్క నిజం మెమోల మీద చేసి చూపిస్త. మీ మెమో ఫోటో పంపాలనుకుంటే పంపండి, కాని పేరు మీద, హాల్‌టికెట్ నంబరు మీద కాగితం ముక్క పెట్టి ఫోటో తీయండి. పోయినసారి ముగ్గురు అట్లనే పంపిండ్రు, మొత్తం కనబడేటట్టు. నేను చూసి డిలీట్ చేసిన. ఉంట మరి.